చూసినకొద్దీ వెలిసే రంగు

మల్లికార్జునరావు కుదురుగా కూర్చోగా గల్ఫ్‌లోని రువైస్‌లో చూసినవాళ్లు లేరు. 2005 వేసవిలో అయితే మరీను. రిఫైనరీ కూలింగ్ నీళ్ల పైపు దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఆ పైపులోకి అతను దించిన ఆప్టికల్ ఫైబర్ కొసన ఆకుపచ్చగా మెరిసే రంగు పూసి ఉంది. మీట నొక్కితే ఫైబర్‌లోంచి నీలి వెలుగు వెళ్లి ఆ రంగుమీద పడుతుంది. రంగు బాగా మెరిస్తే నీళ్లు మంచివి. మెరుపు తగ్గితే నీళ్లలో ఆమ్లం పెరిగినట్టు, పైపుకు తూట్లు పడే రోజు దగ్గరపడినట్టు.

హైదరాబాద్ ల్యాబ్‌లో అతను ఏళ్లతరబడి పడ్డ కష్టమంతా ఆ కొసనే ఉంది.

ఇప్పుడా మెరుపు రోజురోజుకీ తగ్గుతోంది. సీసాలో పట్టి పరీక్షిస్తే మాత్రం నీళ్లు బాగానే ఉన్నాయి.

"నీ యంత్రం అబద్ధాలాడుతోంది. సాయంత్రం వస్తా. అప్పటికీ ఇంతే అయితే పీకేయ్, ఖలాస్," అన్నాడు ముదీర్, అంటే అక్కడి మేనేజరు.

మల్లికార్జునరావు గుండెల్లో రాయి పడింది. మళ్లీ మీట నొక్కాడు. ఇంకా తగ్గింది. మళ్లీ నొక్కాడు.

మధ్యాహ్నం క్వార్టర్స్‌కి భోజనానికి వెళ్లినా ముద్ద దిగలేదు. లేచి, భార్య తోడుపెట్టిన పెరుగు గిన్నె మూత తీసి వంచి చూశాడు. శ్రీసుధకు ఒళ్లు మండింది.

"వచ్చిన కాణ్ణుంచి ఇది మూడోసారి! మాటిమాటికీ కదిపి చూస్తే ఎలా తోడుకుంటుందండీ?"

గిన్నె అతని చేతిలోనే ఉండిపోయింది. ఫైబర్ కొసనున్న రంగూ అంతే, వెలుగు తగిలినకొద్దీ వెలిసిపోతుంది. రోజుకు ఒక్కసారే చూడాలని అందరికీ చెప్పింది అతనే. కంగారులో తనెన్నిసార్లు నొక్కాడో లెక్కే లేదు. తన మీద తనకే చిరాకేసింది.

చెయ్యి కడుక్కోకుండానే పైపు దగ్గరికి పరుగెత్తాడు. మిగిలిన ఒకే ఒక్క కొత్త కొస బిగించి, మీట ఉన్న పెట్టెకు తాళం వేసి, తాళంచెవి టెక్నీషియన్ ఐజక్‌కి ఇచ్చాడు.

"ముదీర్ వచ్చేదాకా నేనడిగినా ఇవ్వకు."

కాసేపటికే తనే చెయ్యి చాపాడు. "ఒక్కసారి ఇటియ్యవయ్యా."

"మీరే ఇవ్వొద్దన్నారు కదండి," అన్నాడు ఐజక్, తాళంచెవిని జేబులో ఇంకా లోపలికి తోస్తూ.

మల్లికార్జునరావు చేతులు కట్టుకుని, విప్పుకుని, పైపు చుట్టూ తిరిగాడు. కొత్తదీ మోసం చేస్తే? చూడకుండా ఎలా తెలుస్తుంది?

ముదీర్ వచ్చాడు. ఐజక్ తాళం తీశాడు. మల్లికార్జునరావు ఒక్కసారి మీట నొక్కాడు. మెరుపును బట్టి వచ్చిన అంకె సీసా పరీక్షతో సరిపోయింది. ముదీర్ కనుబొమలు లేచాయి గానీ అనుమానం పోలేదు.

"యల్లా, కానివ్వు, ఇంకోసారి నొక్కు."

మల్లికార్జునరావు వేలు మీట మీదే ఉంది. ఇంకోసారి చూడాలని అందరికన్నా అతనికే ఎక్కువగా ఉంది. వేలు తీసేసి, పెట్టె మూసి తాళం వేశాడు.

"ఇవాళ్టికి ఖలాస్, సార్. రేపు చూద్దాం."