ఎడమకాలి చెప్పు

పొద్దున ఎనిమిదింటికి ముంబై దగ్గరున్న పద్మనగర్‌లో షిఫ్టు మారుతుంది. కనుబొమల మీద దూది పేరుకున్న రాత్రి షిఫ్టు వాళ్లు ఇళ్లకు మళ్లుతుంటే, పగటి షిఫ్టు వాళ్లు డబ్బాలు పట్టుకుని ఎదురుపడతారు. ఆ గుంపులో సదానందం కూడా ఉంటాడు. ఇరవై రెండేళ్లుగా రాజమౌళి శేట్ కార్ఖానాలో అతనికి అవే నాలుగు సాంచలు, అంటే మరమగ్గాలు. మెడ వంచి పోగులు చూడటం, తెగితే ముడేయటం, కండె అయిపోతే మార్చటం. పని పెద్దగా ఆలోచించేదేం కాదు గానీ, తల పైకెత్తనిచ్చేది కూడా కాదు.

ఆ కార్ఖానాలో నేసే మనిషి ఒంట్లో ఏముంటే బట్టలోకి అది దిగుతుంది. నర్సింగానికి జ్వరమొస్తే అతని తాకా, అంటే నేసిన బట్ట తాను, వెచ్చగా వచ్చేది. దేవయ్యకు పన్ను సలిపిన వారమంతా అతని బట్ట అంచు పట్టుకుంటే వేలు జివ్వుమనేది. శేట్‌కు దానితో పేచీ లేదు. "వేడి తాకా పంపితె ముంబై వ్యాపారి వాపస్ కొడతడు, చల్లారినంక కట్టుండ్రి" అనేవాడు, అంతే. మడత బల్ల దగ్గర కూర్చునే ఆగమ్మ ముప్పై ఏళ్లుగా ఆ బట్టలన్నీ తడిమిన మనిషి. ఎవరి తాకాలో మంట తగిలినా వాళ్లింటికి కబురు చేసేది, "మీవోనికి కడుపుల బాగలేదు, మజ్జిగ పొయ్యుండ్రి" అని.

సదానందం బాధ చిటికెన వేలితో మొదలైంది. ముందు తిమ్మిరి, తర్వాత రెండు చేతులూ మొద్దుబారాయి. కళ్లు మూసుకుని వేసే ముడి ఇప్పుడు కళ్లు తెరిచినా పడటం లేదు. చొక్కా గుండీలు భార్య కళ పెట్టాల్సి వచ్చేది. ఒక డాక్టరు బలహీనత అన్నాడు, ఇంకొకాయన బలానికి సూదులు వేశాడు. కళ రోజూ నువ్వుల నూనె వేడిచేసి వేళ్లకు రుద్దింది. ఆ తర్వాత నడక తూలటం మొదలైంది. ఎడమకాలి చెప్పు దారిలో జారిపోతే తెలియకుండా ఒంటి చెప్పుతో ఇల్లు చేరేవాడు.

కళకు ఆ తూలుడు కొత్త కాదు. మూడేళ్ల కిందటి దాకా అతను ప్రతి సాయంత్రం తాగి అట్లాగే వచ్చేవాడు. కూతురు కాజల్ తల మీద చేయి పెట్టి ఒట్టు వేశాక మానేశాడు.

ఆ గురువారం సాయంత్రం కళ గుమ్మంలో చెప్పు పట్టుకుని నిలబడింది.

"మళ్ల మొదలువెట్టినవా?"

"తాగలేదే."

"తాగకుంటె గిది కిరాణా దుకాణం ముందట ఎట్ల దొరికింది?"

"జారినట్టున్నది. నాకు ఎర్క గాలే."

"కాలి చెప్పు పోతె ఎర్క గాదా? ఎవలికి చెప్తవు?"

దగ్గరికొచ్చి నోరు వాసన చూసింది. ఏమీ రాలేదు. కోపంలో ఉన్న మనిషికి వాసన రాకపోవటం కూడా అనుమానమే. పక్కన మరాఠీ పుస్తకం ముందేసుకుని కూర్చున్న కాజల్ లేచి వచ్చింది.

"ఖరంచ్, పప్పా? నిజంగ తాగలేదా?"

సదానందం బిడ్డ తల మీద చేయి పెట్టాడు. జుట్టు మెత్తదనం తగల్లేదు. కింద తల ఉన్నట్టే తెలియలేదు. చటుక్కున చేయి వెనక్కి తీసుకున్నాడు. తీసుకోవటం కళ చూసింది.

ఒట్టు వేయటానికి జంకాడనుకుంది. మర్నాడు వెళ్లి పుట్టింటికి పోవటానికి ఆదివారం జగిత్యాల బస్సుకు రెండు సీట్లు చెప్పి వచ్చింది. తనకొకటి, కాజల్‌కొకటి.

శనివారం మధ్యాహ్నం ఆగమ్మ బల్ల మీదికి సదానందం తాకా వచ్చింది. తప్పు లేని నేత. మొదటి మడత వేసి రెండో మడతకు చేయి పెడితే బట్ట అప్పటికే కింద పడి ఉంది. ఎప్పుడు జారిందో ఆమెకు తెలియలేదు. మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ జారింది. అరచేయి అదిమి చూసింది. గాలిని తడిమినట్టుంది.

"సదానందం, ఇటు రా బిడ్డా. నీ బట్టకు సోయి లేదు."

"నా వేళ్లకే లేదవ్వా. ఎంత నూనె రాసినా వస్తలేదు."

ఆగమ్మ అతని ముఖంలోకి చూసింది. "బట్టల పోగు తప్పి సాలు పడితె బట్టకు ముడేస్తవా?"

"ఎట్లేస్తనవ్వా? సాంచ ఎన్కకు పోయి తెగిన పోగు ఎతుకుత."

"మరి పెయ్యికెందుకు ముందటనే ఎతుకుతున్నవు?"

ఇరవై రెండేళ్లలో వేలసార్లు సాంచ వెనక్కి వెళ్లినవాడికి తన వెనక్కి చూసుకోవాలని తోచలేదు.

ఆగమ్మ అతన్ని అటు తిప్పి ఆ బట్టను భుజాల మీదుగా కప్పింది. రెండంచులు రెండు చేతుల వేళ్లకు పట్టించి, మిగతాది మడమల దాకా వదిలింది. వేళ్ల దగ్గర నుంచి తడుముతూ పైకి వచ్చింది. చేతుల పొడవునా ఏమీ లేదు. మడమ నుంచి నడుము దాకా ఏమీ లేదు. మెడ కిందికి వచ్చేసరికి ఆమె చేయి ఆగిపోయింది. అక్కడ వేలెడు మేర పోగులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి నొక్కుకుని, సాంచ పక్కన నేల అదిరినట్టు సన్నగా అదురుతున్నాయి.

"ఉరుకు నర్సింగం, కళను తోల్కరా."

కళ వచ్చింది. బట్టలు సర్దుతూ లేచి వచ్చిన మనిషి, కొంగు ఇంకా నడుముకే ఉంది. ఆగమ్మ ఆమె చేయి పట్టి సదానందం మణికట్టు మీద బట్టకు ఆనించింది, తర్వాత మెడ మీద.

"చేతులకు పోయే పోగులు, కాళ్లకు పోయే పోగులు అన్నీ ఈడనే ఒత్తుకున్నయి బిడ్డా. వేళ్ల తప్పు లేదు."

"తాగుతున్నడనుకున్ననవ్వా."

"తాగినోని బట్ట నాకు తెల్వదా? మూడేండ్ల కిందటి దాక ఈని తాకా మడతేస్తె నాకే తల తిరిగేది. గప్పటి సంది ఒక్కపారన్న తిరగలే."

కళకు ముందు సిగ్గేసింది, వెంటనే అంతకంటే పెద్ద భయమేసింది. ఆమె చేయి ఇంకా అతని మెడ మీదే ఉంది. సాంచలు మోగుతూనే ఉన్నాయి. "చెప్పొద్దా నాకు?" అంది ఏడుస్తూ. అతను చెప్పాడన్న సంగతి ఇద్దరికీ తెలుసు.

ఆదివారం బస్సు రెండు ఖాళీ సీట్లతో వెళ్లింది. సోమవారం వాళ్లు తాకాను చంకన పెట్టుకుని ఠాణా పట్నంలో నరాల డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన బట్టను బల్ల మీద పరిచి మెడ చోట వేలు పెట్టి తల ఊపాడు. తర్వాత సదానందం మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టాడు. ఆ కాలు ఎవరో తన్నించినట్టు ఎగిరింది. మెడకు స్కానింగ్ రాశాడు.

"మెడ ఎముకల మధ్య వెన్నుపాముకు చోటు ఇరుకైంది. ఇంకా ఆలస్యం చేస్తే నడక పోతుంది," అన్నాడు రిపోర్టు చూసి. "ఆపరేషన్ చేస్తే ఇక పోకుండా ఆపొచ్చు. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం మాట ఇవ్వలేను."

ముంబైలో పెద్ద సర్కారీ దవాఖానాలో ఆపరేషన్ అయింది. మెడకు పట్టీతో సదానందం ఇంట్లో కూర్చుంటే, కళ గుండీలు పెడుతూనే ఉంది. కాజల్ రోజూ బడి నుంచి వచ్చి అతని చేయి తీసి తన తల మీద పెట్టుకునేది. "తెలుస్తుందా, పప్పా?" అని అడిగేది. తెలుస్తుందని అబద్ధం చెప్పటం అతనికి చేతకాలేదు.

నాలుగు నెలలకు పట్టీ తీశారు. మెడ వంచే పని వద్దన్నారు కాబట్టి శేట్ ఎత్తు బల్ల వేయించి, అతన్ని మడత పనికి ఆగమ్మకు ఎదురుగా నిలబెట్టాడు. వేళ్లలో తిమ్మిరి కొంత ఉండిపోయింది.

ఒక సాయంత్రం భార్యాభర్తలిద్దరూ వరాలా తలావ్ అనే చెరువు గట్టు మీద నడుస్తున్నారు. కళ ఎప్పట్లాగే ఒక అడుగు వెనక, చూపు అతని ఎడమకాలి మీద. నీళ్ల మీద నుంచి చల్లగాలి వస్తోంది. మెట్ల దగ్గర చెప్పు జారింది. అలవాటుగా కళ వంగింది.

చేయి చెప్పుదాకా పోలేదు. ముందు నడుస్తున్న కాళ్లు ఆగిపోయాయి.

సదానందం ఉత్తకాలు నేలకు ఆనించి నిలబడ్డాడు. ఒకసారి ఎత్తి మళ్లీ ఆనించాడు.

"కళా, చెప్పు జారింది," అన్నాడు. "నేల సల్లగున్నది."

ఆమె చెప్పు తీయకుండానే లేచింది. తన చెప్పులు కూడా విడిచి, అతని పక్కకు వచ్చి ఆ చల్లటి నేల మీద నిలబడింది.