అవతలి గట్టువాళ్ళ సినిమా

పొద్దున్నే ఆవిడ కొట్టు తెరిచి గుమ్మంలో గోనెపట్టా పరిచేది. సినిమా డిస్కులు అద్దెకిచ్చే కొట్టది. తిరిగివ్వడానికి వచ్చినవాళ్ళు పట్టా మీద బట్టలు దులుపుకున్నాకే లోపలికి రావాలి. సముద్రం సినిమా చూసినవాళ్ళ చెప్పుల్లో ఇసుక ఉండేది. మంచుకొండల సినిమా చూసిన లెక్కల మాస్టారు చెవులు రుద్దుకుంటూ వచ్చేవాడు. చూసినదాంట్లోంచి ఏదో ఒకటి ఒంటికి అంటుకు రావడం ఆ వీధిలో మామూలే. అందుకే ఆవిడ ఎవరికీ ఫలానాది చూడమని చెప్పేది కాదు. ఎవరికి ఏది అంటాలో వాళ్ళే తేల్చుకోవాలన్నది ఆవిడ నియమం.

ఆవిడ అన్నయ్య పాత సైనికుడు. ప్రతి శనివారం తమ సైన్యం గెలిచిన సినిమా పట్టుకెళ్ళి, మర్నాడు భుజాల మీద పూలరేకులతో వచ్చేవాడు.

ఆ శనివారం ఆవిడ కూతురి పెళ్ళి మాట ఎత్తింది. పిల్లాడు గడియారాలు బాగుచేస్తాడు, నెమ్మదస్తుడు. పుట్టింది మాత్రం నది అవతల, ఒకప్పటి శత్రువుల గడ్డ మీద. తండ్రి లేని ఆ పిల్ల, మేనమామ కాదంటే చేసుకోనని ముందే మాటిచ్చేసింది.

"వాళ్ళతో వియ్యమా? నేను పోయాక కానివ్వండి."

"యుద్ధమప్పుడు అతనికి ఆరేళ్ళన్నయ్యా!"

"పాముకి ఆరేళ్ళయితే మాత్రం ఏంటే?"

ఆవిడ అడుగు అరలోంచి ఒక డిస్కు తీసింది.

"ఇది చూడు. ఆ యుద్ధం గురించే. అవతలివాళ్ళు తీశారు."

"ఏడిశారు! మమ్మల్ని రాక్షసుల్ని చేసుంటారు."

"లేదు. మీరసలు కనబడరు. చప్పుడే వినబడుతుంది."

ఆదివారం ఆయన రాలేదు. సోమవారం వచ్చాడు, తలనుంచి కాళ్ళదాకా సున్నపు దుమ్ముతో. ఎంత దులిపినా రాలుతూనే ఉంది. ఎడమచేతి చూపుడు వేలొక్కటే శుభ్రంగా ఉంది. ఎవరో చంటిపిల్ల గట్టిగా పట్టుకున్నట్టు కందిపోయి ఉంది.

"సినిమాలో కూలిన ఆ పిండిమర ఖాళీదనే అన్నారే మాకు," అన్నాడు. "కింద నేలమాళిగలో జనం దాక్కున్నారట. దానికి పేలుడుమందు పెట్టింది నేనే."

"నువ్వేనని తెలిసే ఇచ్చాను," అంది ఆవిడ. అబద్ధం ఆడటం ఆవిడకి చేతకాదు.

ఆయన తల ఊపాడు. "పెళ్ళికి నాకేం అడ్డు లేదు. కానీ ఈ సంగతి ఆ పిల్లాడికి నేనే చెప్పాలి."

"విన్నాక అతనే వద్దంటే?"

"వద్దనే హక్కు అతనికుంది."

కూతురి బతుకు తన చేతులతో తానే కూల్చానా అనుకుంది ఆవిడ. అయినా అన్నయ్య వెనకే గడియారాల కొట్టుకి నడిచింది.

పిల్లాడు కంటికి భూతద్దం పెట్టుకుని ముల్లు బిగిస్తున్నాడు. "రండి సార్," అన్నాడు. అన్నయ్య కూర్చోకుండానే అంతా చెప్పాడు. పిల్లాడు భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. చాలాసేపు ఆ తెల్లటి మనిషినే చూశాడు.

"మా పిన్ని ఆ మాళిగలోనే పోయింది. పిన్ని కూతురు కూడా."

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఇక అయిపోయిందనుకుంది.

కుర్చీ జరిపిన చప్పుడైంది.

"కూర్చోండి మావయ్యా," అన్నాడు పిల్లాడు. "అక్కడ పోయినవాళ్ళు ఇంకా పదకొండుమంది ఉన్నారు. ఒక్కొక్కరి పేరూ చెప్తాను. వినండి."