అద్దాలకు కూర్చునే మనిషి

మేస్త్రి నేల మీద గీసిన చాక్‌పీసు గీత మీద నిలబడి, "కనిపిస్తున్నానా?" అని అడిగాడు.

టాపు లేని పాత స్పోర్ట్స్ కారు డ్రైవరు సీటులో అతని భార్య కూర్చుని ఉంది. తలుపుకి టేపుతో అంటించిన అద్దంలోకి తీరిగ్గా చూసి, "ఎవరో బట్టతలాయన కనిపిస్తున్నాడు. మీకేమైనా తెలుసేమో చూడండి" అంది.

ఈ వేళాకోళం కొత్తది కాదు. మొదట్లో 'ఒత్తుజుట్టాయన' అనేది, ఆ జుట్టు కాస్తా పోయేసరికి మాట మాత్రం మారింది.

పాత కార్ల తలుపులకి వెనక రోడ్డు చూపించే అద్దాలు బిగించడం మేస్త్రి పని. అవి తయారైన రోజుల్లో చాలావాటి తలుపులకి అద్దాలే ఉండేవి కావు. రోడ్డు మీద బండ్లు తక్కువ, వెనక ఎవరొస్తే ఎవరికేం పట్టింది. ఇప్పుడు అద్దం లేకుండా వీధి మలుపు కూడా తిరగలేం. కానీ తలుపుకి కన్నం పెట్టమంటే మిగతా మెకానిక్కులు తలా ఒక సాకు చెప్పి తప్పుకుంటారు. ఆ రేకు మళ్ళీ దొరికేది కాదు, పెట్టిన కన్నం పూడేదీ కాదు. అందుకని మేస్త్రికో పద్ధతి ఉంది. కారు యజమానిని ముందురోజే సీటులో కూర్చోబెట్టి, పక్కన కర్ర నిలబెట్టి, ఆయన కళ్ళెంత ఎత్తులో ఉన్నాయో దాని మీద గుర్తు పెట్టుకుంటాడు. మర్నాడు ఆ సీటులో భార్యని కూర్చోబెట్టి, ఆమె కళ్ళు ఆ గుర్తుకి వచ్చేదాకా కింద ఎత్తు పెడతాడు. అద్దాన్ని టేపుతో అంటించి, వెనక్కి వెళ్ళి, గీత మీద పక్కకి జరుగుతూ, ఎక్కడిదాకా కనిపిస్తున్నాడో ఆమెనడుగుతాడు. కూర్చున్న మనిషే వెళ్ళి వెనక నిలబడలేడు గనక ఈ పనికి ఇద్దరు కావాలి.

నిజానికి అడగాల్సిన అవసరం కూడా లేదు. అద్దంలో ఆమె కళ్ళు తనకి కనిపిస్తే, ఆమెకీ తను కనిపిస్తున్నట్టే. అయినా ఆమె నోటితో ఆ ముక్క అంటే గానీ అతను డ్రిల్లు ముట్టుకోడు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఒక్కడే కొలత వేసుకుని కన్నం పెట్టి, అద్దంలో వెనక రోడ్డుకి బదులు ఆకాశం కనిపించేసరికి తల పట్టుకున్నాడు. అప్పుడే టీ తీసుకొచ్చిన భార్యని, కాసేపు ఇలా కూర్చో అన్నాడు. ఆ కూర్చోవడం కూర్చోవడమే. పిల్లలు లేరు, ఇంట్లో ఒక్కతే ఉండి చేసేది ఏముందని ఆమె రోజూ షెడ్డుకే వచ్చేది. మనిషి పొట్టి. కార్ల సీట్లు మార్చినప్పుడు మిగిలిన రెక్సిన్ ముక్కలు, నల్లవీ ఎర్రవీ, ఏరి తన కోసం దిండు కుట్టుకుని లోపల స్పాంజి కూరుకుంది. పని అయిపోగానే దాన్ని లాగి మొగుడి మీదికి విసిరేస్తుంది. అతను పట్టుకుని చంకలో పెట్టుకుంటాడు. అప్పటికది వెచ్చగా ఉంటుంది.

ఈ ముదురాకుపచ్చ కారు పళ్ళ డాక్టరుది. నిన్న సాయంత్రం కొలత ఇస్తూ ఆయన, తనూ చిన్న అద్దం పట్టుకునే బతుకుతున్నానని నవ్వాడు. ఆ నవ్వు చనువిచ్చిందేమో, ఆమె ఎప్పుడూ ఎవరితోనూ అనని మాట అనేసింది.

"నేనెక్కినన్ని కార్లు ఎవరూ ఎక్కి ఉండరండీ. ఒక్కటీ కదల్లేదు."

డాక్టరు నవ్వు ఆపాడు. రేపు అద్దాలు బిగించగానే మొదటి చుట్టు ఆమెదేనని, తనే తిప్పి తీసుకొస్తానని మాటిచ్చాడు. మేస్త్రికి మొహం చెల్లలేదు. ఇన్నేళ్ళలో ఆ కోరిక ఉందని అతనికి తట్టనే లేదు. షెడ్డు దాటి కారు తీయడానికి తనకి హక్కు లేదు నిజమే. కానీ ఎవరినైనా ఒక మాట అడగడానికి ఏమొచ్చింది?

పొద్దున్న ఆమె జుట్టుకి రెండు పిన్నులు ఎక్కువ పెట్టుకుంది. టాపు లేదుగా, గాలికి రేగుతుందని. షట్టరు ఎత్తుతూ ఎడమ భుజం పట్టేసిందని నొక్కుకుంది. మేస్త్రి, రేపటి నుంచి షట్టరు నేనే ఎత్తుతాలే అన్నాడు.

బెంచీ మీద మూడు జతల అద్దాలు గుడ్డ విప్పి పెట్టాడు. పొడుగు కాడ ఉన్న గుండ్రటివి అతనికిష్టం. కానీ ఇంజను స్టార్టు చేయగానే కాడ వణికి, అద్దంలో షెడ్డంతా వణికింది. చదరపువి పెడితే తలుపు ముందరి చిన్న కిటికీ తెరుచుకోలేదు. ఇక మిగిలినవి తూటాల్లాంటి బుల్లి అద్దాలు. అరచేతంత కూడా లేవని మేస్త్రి మూతి ముడిచాడు. ఆమె ఒకటి తీసి తలుపు మీద ఆనించి, చెవికి దుద్దు పెట్టినట్టుంది అంది. అతను కాసేపు బెట్టు చేసి ఒప్పుకున్నాడు. ఎలాగూ ఒప్పుకునేవాడికి ఆ బెట్టెందుకో అతనికే తెలియాలి.

అవతలి తలుపు అద్దం మధ్యాహ్నానికే బిగిసింది. ఆమె అన్నం సగంలో వదిలేసింది. కారెక్కే హడావుడిలో ఆకలి చచ్చిందని మేస్త్రి ఏడిపించాడు. తర్వాత డ్రైవరు వైపు తలుపు పట్టాడు. రంగు పెచ్చు లేవకుండా టేపు వేసి, కిటికీ అద్దం కిందికి దించితే లోపల ఎక్కడ ఆగుతుందో చూసుకుని, పెన్సిలుతో గుర్తు పెట్టి, గీత మీదికి వెళ్ళాడు.

"ఇప్పుడు?"

"ఆ. ఇదే బాగుంది, బిగించెయ్యండి. ఆయనొచ్చే వేళవుతోంది."

అక్కడితో బిగించేస్తే అతను మేస్త్రి ఎందుకవుతాడు? ఇంకొక్క వేలెడు ముందుకి జరిపితే ఎలా ఉంటుందో చూద్దామన్నాడు. మీ ఇష్టం అని ఆమె వెనక్కి చేరగిలబడింది. అతను టేపు ఊడదీసి, అద్దం జరిపి, మళ్ళీ అంటించి, గీత మీదికి వెళ్ళాడు.

"ఇప్పుడు?"

జవాబు లేదు. ఆటపట్టిస్తోందనుకున్నాడు. ఒక అడుగు పక్కకి జరిగి మళ్ళీ అడిగాడు. బట్టతలాయన కనిపిస్తున్నాడో లేదో చెప్పి పుణ్యం కట్టుకో అన్నాడు. అద్దంలో ఆమె కళ్ళు స్పష్టంగా కనిపిస్తున్నాయి. అంటే ఆమెకీ తను కనిపిస్తున్నట్టే. అందుకే అతను అక్కడే నిలబడి, చేతిలో స్పానరు పైకెత్తి ఊపాడు. ఆ కళ్ళు రెప్ప వేయలేదు.

సాయంత్రం డాక్టరు వచ్చేసరికి షెడ్డు ముందు జనం ఉన్నారు.

దినాలయ్యి, వచ్చిన చుట్టాలు వెళ్ళిపోయాక మేస్త్రి షట్టరు ఎత్తాడు. ఒక తలుపుకి బిగించిన అద్దం, ఇంకో తలుపుకి టేపుతో వేలాడే అద్దం, సీటులో దిండు, కారు ఎలా ఉన్నదో అలాగే ఉంది. కబురందుకుని డాక్టరు వచ్చాడు. మిగతా పని ఎక్కడైనా చేయించుకుంటానని, శ్రమ పడొద్దని అన్నాడు. మేస్త్రి తల అడ్డంగా ఊపాడు.

డాక్టరు డ్రైవరు సీటులోని దిండు తీసి పక్క సీటులో పెట్టి, తను కూర్చున్నాడు. ఆయన కళ్ళకి ఏ ఎత్తూ అక్కర్లేదు. మేస్త్రి అద్దాన్ని ఆ వేలెడూ వెనక్కి జరిపి, ఆమె ఇదే బాగుందన్న పెన్సిలు గుర్తు మీద అంటించి, గీత మీదికి నడిచాడు.

"కనిపిస్తున్నానా?"

"కనిపిస్తున్నారు" అన్నాడు డాక్టరు వెంటనే.

పక్కకి జరిగాడు. కనిపిస్తున్నారు. ఇంకాస్త జరిగాడు. కనిపిస్తున్నారు. అడిగిన ప్రతిసారీ తిన్నగా, మర్యాదగా జవాబు వచ్చింది. బట్టతల ఊసెవరూ ఎత్తలేదు. మేస్త్రి డ్రిల్లు పట్టుకుని తలుపు దగ్గర వంగి, చాలాసేపు అలాగే ఉండిపోయాడు. అతని భుజాలు కదలడం చూసి డాక్టరు ముందుకి తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత మేస్త్రి గుర్తు మీదే కన్నం పెట్టాడు.

అద్దం బిగించాక, ఒక చుట్టు వెళ్ళొద్దాం రండి అని డాక్టరు పిలిచాడు. మేస్త్రి పక్క సీటు తలుపు తీయబోయి ఆగాడు. దిండు సర్ది, వెనక్కి ఆనించాడు.

"మాటిచ్చారుగా. తిప్పి తీసుకురండి" అన్నాడు.

కారు మెల్లగా ఎండలోకి వెళ్ళింది. మేస్త్రి గీత మీద నిలబడి, అద్దంలోకి చూస్తూ, అది మలుపు తిరిగేదాకా కదల్లేదు. వీధులన్నీ తిప్పాడేమో, డాక్టరు తిరిగి రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఇంజను ఆపి, దిండు తీసి రెండు చేతులతో అందించాడు.

మేస్త్రి దాన్ని చంకలో పెట్టుకున్నాడు. దిండు వెచ్చగా ఉంది.