మొద్దు సూది

నేను ఒక సిరంజిని. పళ్ళ డాక్టర్లు చిగుళ్ళకు మత్తు ఎక్కించే స్టీలు సిరంజిని. నన్ను చూడగానే మీ మొహాలు మాడిపోతాయని తెలుసు. మీరన్నా నాకు అంతే.

ఏదో కార్ఖానాలో సానబట్టి, మెరుగుపెట్టి నన్ను పెట్టెలో పెట్టారు. మొదట ఒక పెద్ద డాక్టరు చేతిలో పనిచేశాను. ఆయన చూపు మందగించాక కాకినాడ చేపల మార్కెట్ దగ్గరున్న ఆసుపత్రితో పాటు నన్నూ శశిధర్ అనే కుర్ర డాక్టరుకి అప్పగించాడు. ఇతని చెయ్యి మంచిదే, నోరే మంచిది కాదు.

మైలపల్లి నూకరత్నం ఎండుచేపలు అమ్ముతుంది. కుడి దవడ పళ్ళు ఎప్పుడో పీకించేసుకుంది. ఎడమ పక్క నమలడానికి మిగిలింది ఒక్కటే పన్ను. అదీ పుచ్చి, లోపల నరం వాచి ప్రాణం తోడేస్తోంది. ముందు కొరికే పళ్ళు మాత్రం గట్టివే. రూట్ కెనాల్ చేస్తే పన్ను దక్కుతుందన్నాడు శశిధర్. ఒక మాత్ర చేతిలో పెట్టి, "రేపు ఇక్కడికి రావడానికి గంట ముందు వేసుకో" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. వాచిన నరం నా మందుకు ఓ పట్టాన లొంగదు. ఆ మాత్ర ముందే కడుపులో పడితే వాపు నెమ్మదించి నా పని తేలికవుతుంది. ఈ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. తెలియాల్సిన మనిషికే తెలియదు.

మర్నాడు ఆవిడ మాత్రను కొంగున ముడేసుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మాత్ర వేసుకున్నావా?"

"ఏసుకున్నానండి."

తల్లి వయసున్న తనను అతను నువ్వు అనడం ఆవిడ మనసుకు కష్టంగానే తోచింది. నా పని నేను చేశాను. పెదవి మొద్దుబారింది. పంటిని తొలిచే మిషను తగలగానే మాత్రం ఆవిడ కెవ్వుమని లేచింది. మళ్ళీ నన్ను గుచ్చారు. మళ్ళీ కేక.

"ఆ మొద్దు సూది పారెయ్యండి ముందు!" అంటూ ఆవిడ తోసిన తోపుకి నేను నేలమీద పడ్డాను. నా నడుం వంగిపోయింది. సూది ప్రతి మనిషికీ కొత్తదే వేస్తారు, తిట్లు మాత్రం నావే.

"నిజం చెప్పు. మాత్ర వేసుకున్నావా లేదా?" అని శశిధర్ అరిచాడు.

ఆవిడ కొంగు ముడి విప్పి మాత్రను బల్లమీద పడేసింది. "నెప్పి పోతే ఏ పన్నో మీకెలా తెలుత్తాదండి? మంచి పన్ను తొలిచేత్తారని దాచాను!"

శశిధర్ పగలబడి నవ్వాడు. పక్కనున్న నర్సూ నవ్వింది. "ఇప్పుడన్నా వేసుకుని బయట కూర్చో, గంటాగి చేస్తాను" అన్నాడు, ఇంకా నవ్వుతూనే.

కూర్చుంటే పన్ను దక్కేది. కానీ ఆ నవ్వు ముందు ఆవిడ ఎలా కూర్చుంటుంది? "నవ్వుకోండి బాబూ, నవ్వుకోండి" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. సందు చివర ఇంకో డాక్టరు దగ్గర ఆ పన్ను పీకించేసుకుందని, ఇప్పుడు అన్నం జావలా పిసుక్కుని తింటోందని మార్కెట్ నుంచి వచ్చేవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను.

నన్ను పనికిరాని సామాను డబ్బాలో పడేశారు. పైన శశిధర్ గొంతు వినిపిస్తూ ఉంటుంది. ఇప్పుడు మాత్ర ఇచ్చిన ప్రతివాళ్ళకీ ఎంతో ఓపిగ్గా చెబుతున్నాడు: "నొప్పి తగ్గినా ఏ పన్నో నాకు ఎక్స్‌రేలో కనిపిస్తుందండీ, భయపడకుండా వేసుకుని రండి."

విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోతుంది. ఈ ఒక్క ముక్క ఆవేళ నూకరత్నానికి చెబితే అతని నోరేం అరిగిపోయేది?