పైరాయి కింద మనిషి

మా మామగారు పొలాల్లో రాతి గుడిసెలు కట్టేవారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చుకుంటూ, పైకి పోయేకొద్దీ చుట్టు చిన్నది చేసుకుంటూ, చివరికి మిగిలిన కంతను ఒక్క పైరాయితో మూయడమే. ఆయన పని మా ఆవిడకు అబ్బింది. తను సొంతంగా కట్టిన మొదటి గుడిసెకు ఆ రోజు పైరాయి వేస్తోంది.

మామగారింట్లో ఒక పద్ధతి ఉంది. పైరాయి వేసేటప్పుడు కట్టేవాళ్ల ఇంటి మనిషి ఒకరు సరిగ్గా దాని కింద కూర్చోవాలి. మామగారు పీట వేసుకుని కూర్చున్నారు.

"దేవుడు తెలివి ఇచ్చింది వాడుకోవడానికే కదా మామయ్యా, బయటికి రండి," అన్నాను.

"రోజూ దండం పెడతావు కదా అల్లుడూ! నీది నమ్మకం, నాది మూర్ఖత్వమా?"

నేను గుమ్మం బయటే నిలబడ్డాను.

"మబ్బు పట్టింది నాన్నా, మూసేస్తున్నా!" అని పైనుంచి మా ఆవిడ కేక వేసింది. అంతలో మంచినీళ్లు తెచ్చిన అత్తగారు చెంబు నా చేతిలో పెట్టి లోపలికి దూరారు.

"నువ్వెందుకే?"

"ఇన్నేళ్లు మీ సణుగుడు భరించాను. ఇప్పుడు పుణ్యమంతా మీరొక్కరే కొట్టేద్దామనా? జరగండి."

పైన చప్పుడు ఆగిపోయింది. మా ఆవిడ కంతలోంచి తొంగి చూసింది. పైరాయిని పక్కకు నెట్టి, కింది వరుసలో ఒక రాయిని బొటనవేలితో నొక్కింది. అది కాస్త కదిలింది.

"దీని మీద నాకు పొద్దుట్నించీ అనుమానమే. నాన్న మొండితనానికి రాయైనా జంకుతుందిలే అనుకున్నా."

"మరి నా నెత్తి అంత మెత్తనా?" అన్నారు అత్తగారు.

వాన మొదలైంది. మా ఆవిడ తడుస్తూనే ఆ వరుసంతా ఊడదీసింది. నేను రాళ్లు అందుకున్నాను. లోపల ఇద్దరూ తడిసి ముద్దయిపోయారు.

"ఆ రాయి సంగతి మీకు తెలుసా?" అని మామగారిని అడిగాను.

"తెలిస్తే కూర్చోవడం దేనికి?" అని ముఖం తుడుచుకున్నారు. ముఖమంతా నవ్వే.

మర్నాడు వరుస మళ్లీ పేర్చింది. ఎవరూ చెప్పకముందే నేను లోపలికి వెళ్లి, దేవుణ్ణి తలుచుకుని కూర్చున్నాను.

మా ఆవిడ తొంగి చూసింది.

"మీరా! అయ్యో, ఉండండుండండి, ఇంకోసారి అన్నీ నొక్కి చూస్తాను."