కర్పూరం పక్కన లాంగ్‌జింగ్

మా ఓనర్ దామోదర్ ఇక్కడికి స్టూడెంట్‌గా వచ్చి ఎంబీఏ చేశాడు. నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. అందుకని టీ గురించి ఆయన మాట్లాడతాడు, నేను దోసెలు పోస్తాను.

మౌంట్ రాస్కిల్ అనే పేటలో మాదొక టిఫిన్ సెంటర్. నా వీసా కాగితం మీద నా పేరు పక్కన ఈ షాపు పేరే ఉంటుంది. షాపు నడిస్తే నేను ఈ దేశంలో ఉంటాను, మూతపడితే సూట్‌కేసు సర్దుకోవాలి. 2016లో షాపు లీజు అయిపోవచ్చింది. బిల్డింగ్ షెన్ అనే చైనా పెద్దాయనది. బబుల్ టీ వాళ్లు ఎక్కువ అద్దె ఇస్తామని ఆయన చుట్టూ తిరుగుతున్నారు. రంగు నీళ్లలో సగ్గుబియ్యం వేసి అమ్మేవాళ్ల చేతిలో ఉంది నా బతుకు.

చలికాలం మొదట్లో షెన్ మాకు ఒక టీ డబ్బా తెచ్చిచ్చాడు. లాంగ్‌జింగ్ అట. వాళ్ల ఊరు హాంగ్జౌ పక్క కొండల్లో పండుతుంది. అక్కడొక బావి ఉందని, అందులో డ్రాగన్ ఉంటుందని, కరువొచ్చినప్పుడు జనం పోయి వానకోసం దానికి మొక్కేవాళ్లని, ఆ బావి పేరే టీకి పెట్టారని చెప్పాడు. వాళ్లు పెద్దల సమాధులకు పోయే పండగొకటి ఏప్రిల్‌లో వస్తుంది. దానికి ముందు గిల్లిన చిగురుకే విలువట. గిల్లినాక వేడి మూకుడులో వేసి, గరిటె లేకుండా వట్టి చేత్తో ఒత్తుతూ వేయిస్తారట. ఆకు బల్లపరుపుగా అయ్యేది అందుకే. పెనం ముందు చేతులు కాల్చుకునేవాడిని కదా, ఆ మాట నాకు బాగా ఎక్కింది.

డబ్బా మూత తీయకుండా, తన జేబులోని చిన్న పొట్లంలోంచి తీసి షెన్ తనే మాకు కలిపిచ్చాడు. పొడుగు గాజు గ్లాసులో ఆకు వేసి, బాగా మరగని నీళ్లు పోశాడు. ఆకులు నిలబడి, మెల్లగా కిందికి దిగాయి. రంగు లేత పసుపు పచ్చ. తాగితే దోరగా వేయించిన పెసరపప్పు వాసన. చివర్లో నాలుక మీద సన్నటి తీపి. పాలూ లేవు, చక్కెరా లేదు, అయినా బాగుంది. ఈ దేశంలో నాకు ఊరికే దొరికిన మంచి వస్తువు అదొక్కటే.

షెన్ వెళ్లగానే దామోదర్ ఫోన్‌లో ఏదో చదివాడు.

"మొగిలన్నా, ఈ టీ పక్కనున్న ప్రతి వాసనా పీల్చుకుంటదట. నీ కిచెన్‌ల ఇంగువ, ఎల్లిగడ్డ. అక్కడ పెడితే ఖతం."

"మరి ఎక్కడ పెడదాం సార్?"

"దేవుడి దగ్గర. అంతకన్నా పవిత్రమైన జాగ ఏముంది?"

మా కౌంటర్ వెనక దేవుడి అల్మారా ఉంది. షాపు తెరిచిన కొత్తలో హారతిచ్చాం. పొగకి అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. అప్పట్నుంచి కర్పూరం వెలిగించడం లేదు. పళ్లెంలో కుప్పగా పోసి తలుపు మూసేస్తాం. దేవుడు కూడా ఇక్కడి రూల్స్‌కి సర్దుకున్నాడు. ఆ కుప్ప పక్కనే దామోదర్ డబ్బా పెట్టాడు. తప్పని నాకూ తట్టలేదు. కర్పూరాన్ని మనమెప్పుడన్నా వాసన అనుకున్నామా? అది భక్తి కింద పోతుంది.

లీజు మాట్లాడే ఆదివారం వచ్చింది. దామోదర్ షెన్‌ని టీకి పిలిచాడు. చదువుకున్నవాళ్లు పక్కనుంటే బాగుంటుందని ఊరికి అటు చివరున్న హెండర్సన్ నుంచి అకౌంటెంట్ మధుసూదన్‌ని, ఆయన భార్య ఇందిరాదేవి ఆంటీని రప్పించాడు. వాళ్లు పొట్ట తగ్గడానికి గ్రీన్ టీ తాగుతారు కాబట్టి నిపుణులు.

దామోదర్ లేచి నిలబడి లాంగ్‌జింగ్ పుట్టుపూర్వోత్తరాలు ఇంగ్లిష్‌లో ఉపన్యసించాడు. డ్రాగన్, బావి, మూకుడు, ఒక్కటీ వదల్లేదు. చెప్పింది ఎవరికి? ఆ ఊళ్లో పుట్టినవాడికి. షెన్ ఓపిగ్గా తలూపాడు. టీ కూడా దామోదరే కలిపాడు. నేను గ్లాసులు అందించి వంటగది తలుపు దగ్గర నిలబడ్డాను.

షెన్ ఒక గుక్క తాగాడు. గ్లాసు వైపు చూశాడు. మళ్లీ తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"అబ్బ, గొంతులో ఎంత చల్లగా దిగుతోందో!" అన్నాడు మధుసూదన్. "ఒరిజినల్ అంటే ఇదీ. సూపర్‌మార్కెట్ సరుకులో ఈ ఘాటు రాదు."

"కొండగాలి అండీ అది" అంది ఆంటీ. ఇంకో గుక్క తాగి, అలవాటుకొద్దీ చెయ్యి తలకి రాసుకుంది.

"దీన్ని ఎక్కడ పెట్టారు?" అన్నాడు షెన్.

"వంటగదిలో పెట్టలేదు సర్. మా దేవుడి దగ్గర పెట్టాం" అన్నాడు దామోదర్, ఛాతీ మీద చెయ్యేసుకుని.

పెద్దాయన మెత్తబడిపోయాడు. బల్ల మీదున్న డబ్బా పట్టుకుని నేరుగా వంటగదిలోకి, నా దగ్గరికి వచ్చాడు.

"నువ్వు వంటవాడివి. ముక్కున్నవాడివి. నిజం చెప్పు, ఏంటిది?"

మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు. గుడి గర్భాలయం గుప్పుమంది. అప్పుడు వెలిగింది నాకు. కర్పూరం అని ఒక్క మాటంటే చాలు. వాళ్ల కొండ మీద ఏడాదికోసారి వచ్చే చిగురుని ఈ మూర్ఖులు పాడుచేశారని తెలిసిపోతుంది. సాయంత్రానికల్లా బబుల్ టీ వాళ్లకి ఫోన్ వెళ్తుంది. నా సూట్‌కేసు కళ్లముందు తిరిగింది.

"షిప్‌లో ఏమన్నా తగిలిందేమో సార్."

"షిప్ కాదు. మా తమ్ముడి కొడుకు పోస్టులో పంపాడు."

"అయితే ప్యాకింగ్‌లోనేమో సార్."

షెన్ అక్కడే నిలబడి చైనాకి ఫోన్ కలిపాడు. నాకు ఆ భాష రాదు. అయినా ఆ కుర్రాడు పడ్డ తిట్లలో ఒక్కటీ నాకు అర్థం కాకుండా పోలేదు. పక్కన దోసెల పిండి ఉంటే దాన్నే కలుపుతూ నిలబడ్డాను.

తిరిగి ముందుగదిలోకి పోయి, పెద్దాయన అందరికీ తల వంచాడు. "చెడిపోయిన సరుకు మీకు కానుకగా ఇచ్చాను. మీరు దాన్ని దేవుడి దగ్గర పెట్టారు. మర్యాదకి మెచ్చుకుంటూ తాగారు. నాకు సిగ్గుగా ఉంది."

పాత అద్దెకే లీజు రాసిచ్చాడు. బబుల్ టీ మాటే ఎత్తలేదు.

ఆయన కారు కదలగానే దామోదర్ నా భుజం చరిచాడు. "చూసినవా మొగిలన్నా, స్పీచ్ ఎట్ల పనిచేసిందో?"

"అవును సార్."

"చెడిపోయిందంటడేంది, మంచిగనే ఉండె కదా?" అన్నాడు మళ్లీ, మధుసూదన్ వైపు తిరిగి.

"చైనావాళ్లకి మొహమాటం ఎక్కువండీ" అన్నాడు మధుసూదన్, ఇంకో గ్లాసు పోసుకుంటూ.

కొన్నాళ్లకి షెన్ కొత్త డబ్బా పట్టుకొచ్చాడు. ముందుదానికన్నా పెద్దది. ఈసారి తమ్ముడి కొడుకు వాసన చూసుకుని మరీ కట్టాడట. నేను పెనం మీద దోసె తిప్పుతున్నాను. చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఇప్పుడు చెబితే, అప్పుడెందుకు చెప్పలేదంటాడు. దోసె మడిచి పళ్లెంలో వేశాను.

దామోదర్ డబ్బాకి కుంకుమ బొట్టు పెట్టాడు. దేవుడి అల్మారా తలుపు తీసి, కర్పూరం పళ్లెం కొంచెం పక్కకి జరిపి, చోటు చేశాడు. తలుపు మూసుకుంది. హాంగ్జౌలో ఆ కుర్రాడెవరోగాని, మళ్లీ తిట్లు తినబోతున్నాడు. వాడికి వీసా గొడవ లేదు కదా, పడనీ.