దాలయ్య చచ్చే సీను

విజయనగరంలో నాటకాలు ఆడించే జగన్నాధం మాష్టారికి 1968లో సినిమా తియ్యాలన్న పట్టుదల పుట్టింది. పాటలుండవు, మేకప్పుండదు. వేటకెళ్లి మునిగిపోయిన జాలరి, ఒంటరిగా మిగిలిన అతని భార్య, అంతే కథ. మద్రాసు స్నేహితుడొకాయన కెమెరా, టేపురికార్డరు తెచ్చాడు. అందరూ శ్రీకాకుళం దగ్గర సముద్రపు ఒడ్డునున్న ఒక పల్లెలో దిగారు.

భార్య వేషానికి మాష్టారు ఆ పల్లెకే చెందిన చేపలమ్మే లక్ష్మణమ్మను ఎంచుకున్నాడు. ఆమదాలవలస స్టేషన్లో ఆమె బేరమాడుతుంటే విని, ఆ గొంతు కోసమే వెతుక్కుంటూ వచ్చాడాయన. భర్త వేషం నరసింగరావుది. స్టేజి మీద ఎన్నోసార్లు చచ్చిన అనుభవం అతనిది. చచ్చేముందు ఒక్క పద్యమైనా లేకపోవడమే అతని బాధ.

సముద్రం అనువుగా ఉందని మొదటిరోజే ఆఖరి సీను పెట్టుకున్నారు. శవాన్ని ఇసుక మీద పడుకోబెట్టాలి, లక్ష్మణమ్మ ఏడవాలి. మనిషెవరో చూపించకముందే చంపేయడం పల్లెజనానికి వింతగా తోచింది. లక్ష్మణమ్మ మొగుడు దాలయ్యకు మాత్రం కోపం వచ్చింది.

"నాను బతికుండగా నా పెళ్లాం ఇంకొకడి మీద పడి ఏడుస్తాదేటి?" అన్నాడు.

ఎంత చెప్పినా వినకపోతే, విసిగిపోయి మాష్టారు ఆ వేషం అతనికే ఇచ్చేశాడు. నరసింగరావు అలిగి తాటిచెట్ల నీడకు పోయాడు. దాలయ్య సముద్రంలో మునిగి వచ్చి, కళ్లు మూసుకుని బుద్ధిగా పడుకున్నాడు. ఇప్పుడు లక్ష్మణమ్మ మొరాయించింది. నిక్షేపంలాంటి మొగుణ్ణి ముందు పెట్టుకుని ఏడిస్తే అరిష్టం అంది. ఏడవక్కర్లేదు, తిట్టాలనుంటే తిట్టమన్నాడు మాష్టారు.

ఆ మాట రెండోసారి చెప్పించుకోలేదు ఆమె. కల్లు దగ్గర మొదలుపెట్టింది, అత్త, ఆడపడుచుల మీదుగా చిరిగిన వలదాకా వచ్చింది. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. అంతలో ఆమె గొంతు మారింది.

"పోయినేడు గాలి రేగినప్పుడు ఎల్లొద్దంటే ఎల్లిపోనావు. తెల్లారీదాకా ఈ ఇసకలోనే కూకున్నాను. నువ్వు నవ్వుకుంటా వొచ్చి కూడెట్టమన్నావు. ఎట్టీసినాను. నీకేటి తెలస్తాది?"

ఆమె ఏడుస్తోంది. ఎవరూ నవ్వడం లేదు. శవం కళ్లు తెరిచి, లేచి కూర్చుంది.

"రేతిరంతా ఇక్కడే ఉన్నావేటే? మరి నాకు సెప్పలేదేటి?"

"సచ్చినోడివి, నోరు మూసుకో," అంది లక్ష్మణమ్మ ముక్కు చీదుకుంటూ.

కట్ చెప్పడం మాష్టారు మరిచిపోయాడు. మళ్లీ తీద్దామంటే అంత ఫిల్ము లేదు. ఆయన సాయంత్రందాకా ఒడ్డున అటూ ఇటూ తిరిగి, జాలరి చచ్చిపోలేదని తేల్చాడు. చచ్చాడని పొరపాటు కబురు తెచ్చే పొరుగువాడి వేషం నరసింగరావుకు ఇచ్చాడు. అందులో అతను పట్టుబట్టి పద్యం పాడాడు. సగం గాలికి పోయింది.

విజయనగరంలో చూసిన పెద్దలు ముగింపు సహజంగా లేదన్నారు. పల్లెలో మాత్రం వెదుళ్లకు తెరచాప కట్టి సినిమా వేస్తే, తిట్లు రాగానే ఆడవాళ్లు విరగబడి నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే కొంగులు కళ్లకద్దుకున్నారు.

ఆట అయ్యాక దాలయ్య కాస్త నొచ్చుకుంటూ మాష్టారి దగ్గరికొచ్చాడు.

"అంతా బాగున్నాది బాబూ. మాయమ్మని తిట్టిన తిట్లు కోసీసినారేటి? అవే బాగుంటాయి."